ఒక తాళంచెవి – నాలుగు తాళాలు

సాయంకాలం ఆరుబయట కూర్చుంటే దోమ కుడుతుంది. కుట్టినచోట క్షణాలలో చర్మం ఉబ్బి, ఎర్రబడి, దురద పెడుతుంది. దోమ మన చర్మంలో వదిలిన లాలాజలం కంటికి ఆననంత కొద్ది. అంత కొద్దిపాటి పదార్థానికి అంత దద్దురు ఎలా లేచింది?

నిజానికి దద్దురును లేపింది దోమ కాదు, మన శరీరమే. చర్మం అడుగున మాస్ట్ కణాలనే కాపలాదారులు ఉంటాయి. ఒక్కొక్క కణం నిండా చిన్న చిన్న సంచులు, ఆ సంచులలో హిస్టమిన్ అనే రసాయనం ఉంటాయి. పరాయి పదార్థం లోపలికి వచ్చిందని తెలియగానే కణాలు సంచుల మూతి విప్పుతాయి. హిస్టమిన్ బయటపడి దగ్గరి రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. వాటి గోడలను వదులు చేస్తుంది. రక్తంలోని నీరు బయటికి ఊరి ఆ చోటు ఉబ్బుతుంది. నాడుల కొసలు తాకిడికి లోనై దురద పుడుతుంది. ఇదంతా మనల్ని బాధపెట్టడానికి కాదు. గోడలు వదులైతే తెల్ల రక్తకణాలు ఆ చోటికి సులభంగా చేరుకుంటాయి. దురద ఆ రక్షణకు మనం చెల్లించే సుంకం.

ఇదే హిస్టమిన్ మన కడుపులోనూ ఉంది. అక్కడ దద్దుర్లు లేపదు, అన్నం అరిగించే ఆమ్లాన్ని ఊరిస్తుంది. మెదడులోనూ ఉంది. అక్కడ మనల్ని మెలకువగా ఉంచుతుంది. ఒకే రసాయనం ఒకచోట దురద, మరొకచోట జీర్ణరసం, ఇంకొకచోట మెలకువ ఎలా కాగలదు? ఈ ప్రశ్నకు జవాబు దొరకడానికి శాస్త్రజ్ఞులకు అరవై ఏళ్లకు పైగా పట్టింది. ఆ జవాబు కడుపులో పుండుతో బాధపడే లక్షలాది మంది ప్రాణాలకు సంబంధించినది కూడా.

హిస్టమిన్‌ను 1907లో జర్మనీలో విండౌస్, వోగ్ట్ అనే రసాయన శాస్త్రజ్ఞులు ప్రయోగశాలలో తయారుచేశారు. దానివల్ల ఏ ఉపయోగం ఉందో అప్పటికి ఎవరికీ తెలియదు. 1910లో ఇంగ్లాండులో హెన్రీ డేల్, జార్జ్ బార్గర్ అనేవారు దానిని ఎర్గాట్ నుంచి వేరుచేశారు. ఎర్గాట్ అంటే ఐరోపాలో పండే రై అనే ధాన్యపు కంకులకు పట్టే బూజు. అక్కడి మంత్రసానులు ఎంతోకాలంగా దానిని కాన్పుల వేళ వాడుతూ ఉండేవారు. డేల్ ఆ పదార్థాన్ని జంతువులపై పరీక్షించారు. రక్తపు పోటు పడిపోయింది. గినీపందులలో ఊపిరి గొట్టాలు ముడుచుకుపోయాయి. పడని పదార్థం ఒంట్లో చేరినప్పుడు కలిగే తీవ్రమైన ఎలర్జీ లక్షణాలూ అచ్చంగా ఇవే కదా అని డేల్‌కు తోచింది.

అదే 1910లో జర్మనీలో ఆకర్‌మన్ అనే శాస్త్రజ్ఞుడు ఇంకొక సంగతి కనుగొన్నారు. మాంసకృత్తులలో హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. కొన్ని బాక్టీరియాలు దానిలోంచి బొగ్గుపులుసు వాయువును తొలగించి హిస్టమిన్‌గా మారుస్తాయి. దీనితో ఒక సందేహం పుట్టింది. జంతువుల కణజాలంలో దొరుకుతున్న హిస్టమిన్ ఆ శరీరం తయారుచేసుకున్నదా, లేక చనిపోయిన తరువాత కుళ్లు పట్టి బాక్టీరియాలు తయారుచేసినదా? 1927లో డేల్, ఆయన సహచరులు అప్పుడే తీసిన తాజా కాలేయం, ఊపిరితిత్తులలోనుంచి హిస్టమిన్ తీసి చూపించి ఆ సందేహం తీర్చారు. ఆ సహచరులలో ఒకరు చార్లెస్ బెస్ట్. ఇన్సులిన్‌ను కనుగొన్నవారిలో ఒకరు ఆయనే. హిస్టమిన్ శరీరానిదేనని తేలింది. బాక్టీరియాల వాటా మాట చాలాకాలం పక్కకు పోయింది.

పక్కకు పోయింది గాని అబద్ధం కాలేదు. సముద్రతీరాన ఉండేవారికి ఈ సంగతి వేరొక రూపంలో తెలుసు. కానాగంత చేపను మీలో కొందరు ఎరిగే ఉంటారు. కన్నడ తీరాన బంగుడె అనీ, మహారాష్ట్రలో బాంగ్డా అనీ, తమిళనాట కానాంగెళుత్తి అనీ పిలిచేది దానినే. ఈ చేప కండలో హిస్టిడిన్ ఎక్కువ. వల నుంచి తీసిన చేపను మంచులో పెట్టకుండా ఎండలో వదిలేస్తే, మోర్గనెల్లా వంటి బాక్టీరియాలు గంటల వ్యవధిలోనే ఆ హిస్టిడిన్‌ను హిస్టమిన్‌గా మార్చివేస్తాయి. అలాంటి చేప తిన్నవారికి కొద్దిసేపటికే ముఖం ఎర్రబడుతుంది, తలనొప్పి వస్తుంది, ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి. చూసినవారు చేప పడలేదనుకుంటారు. కాని అది ఆ మనిషికి చేప పడకపోవడం కాదు, చేపలోనే హిస్టమిన్ నిండిపోవడం. వంటలో ఎంత ఉడికించినా హిస్టమిన్ చావదు. వేడికి చచ్చేవి బాక్టీరియాలే. అందుకే పడవలో మంచు వేయడం చేపల వ్యాపారంలో అంత ముఖ్యమైన పని.

ఇక అసలు చిక్కుముడికి వద్దాం.

1916లో పొపియెల్‌స్కీ అనే పోలండ్ శాస్త్రజ్ఞుడు కుక్క చర్మం కింద హిస్టమిన్‌ను సూదిమందుగా ఎక్కించారు. దాని కడుపులో ఆమ్లం ధారగా ఊరింది. తరువాత 1937లో పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో డేనియల్ బోవే, అన్ మరీ స్టౌబ్ అనేవారు హిస్టమిన్‌కు ఎదురు నిలిచే పదార్థాన్ని మొదటిసారి కనుగొన్నారు. 1940ల నాటికి మనుషులు వాడదగిన మందులు వచ్చాయి. దద్దుర్లకు, తుమ్ములకు, ముక్కు కారడానికి వైద్యులు ఇచ్చే మాత్రలు ఆ వంశంలోనివే. బోవేకు 1957లో నోబెల్ బహుమతి లభించింది.

అయితే ఆ మందులు దద్దురును అణచగలిగాయి, కడుపులోని ఆమ్లాన్ని మాత్రం ఒక్క చుక్క తగ్గించలేకపోయాయి. హిస్టమిన్‌కు విరుగుడు అయినప్పుడు రెండుచోట్లా పని చేయాలి కదా! ఒకచోట పనిచేసి రెండోచోట ఎందుకు ఓడిపోయింది?

దీన్ని అర్థం చేసుకోవడానికి తాళం, తాళంచెవి పోలిక సాయపడుతుంది. కర్ణాటకలోనూ రాయలసీమలోనూ పెరిగినవారు బీగం, బీగంచెవి అంటారు, ఏ పేరైనా ఒకటే. హిస్టమిన్ తాళంచెవి. కణం గోడపైన ఆ చెవి పట్టే తాళం ఉంటుంది. దానిని గ్రాహకం అంటారు. గ్రహించేది కనుక గ్రాహకం, పేరు చక్కగా కుదిరింది. తాళంచెవి తాళంలో దూరి తిరిగినప్పుడు కణం లోపల పని మొదలవుతుంది. ఏ పని మొదలవుతుందనేది చెవిని బట్టి కాదు, అది ఏ తలుపు తాళమో దానిని బట్టి ఉంటుంది. విరుగుడు మందు విరిగిన తాళంచెవి వంటిది. తాళంలో దూరుతుంది, కాని తిరగదు. అది ఇరుక్కుని ఉన్నంతసేపు అసలు చెవికి చోటు ఉండదు.

బోవే కాలపు మందులు కడుపులో పనిచేయలేదంటే, కడుపులో ఉన్నది వేరే తాళమన్నమాట. ఇలా కొందరు ఊహించారు. 1966లో లండన్‌లో యాష్, షీల్డ్ అనేవారు దద్దుర్లకు సంబంధించిన తాళానికి హెచ్-1 గ్రాహకమని పేరు పెట్టారు. ఒకటి అని అంకె వేశారంటే రెండోది ఉండాలి. కాని దానిని ఎవరూ చూపించలేదు. చూపించాలంటే ఆ రెండో తాళంలోనే దూరే విరిగిన చెవి కావాలి.

ఆ పనికి పూనుకున్నవారు జేమ్స్ బ్లాక్. స్కాట్లండులో 1924లో పుట్టిన ఈ వైద్యుడు అప్పటికే గుండెజబ్బులకు ప్రొప్రనొలాల్ అనే గొప్ప మందును రూపొందించి ఉన్నారు. 1964లో ఆయన ఇంగ్లాండులోని వెల్విన్ గార్డెన్ సిటీలో ఉన్న స్మిత్ క్లైన్ అండ్ ఫ్రెంచ్ మందుల కంపెనీ పరిశోధనాలయంలో చేరారు. రాబిన్ గనెలిన్ మొదలైన రసాయన శాస్త్రజ్ఞులు ఆయనకు తోడు నిలిచారు. వారి పద్ధతి చెప్పడానికి సులభమే. హిస్టమిన్ అణువును తీసుకోవాలి. దానిని ఒక పక్క కొంచెం పొడిగించాలి, మరొక పక్క కొంచెం కత్తిరించాలి. తాళంలో దూరాలి గాని తిరగకూడదు, అలాంటి రూపం దొరికేదాకా మార్చుతూ పోవాలి. తయారైన ప్రతి పదార్థాన్నీ ఎలుకకు ఇచ్చి కడుపులో ఆమ్లం తగ్గిందా అని కొలవాలి.

నాలుగేళ్లు గడిచాయి. దాదాపు 200 పదార్థాలు తయారయ్యాయి. ఒక్కటీ పనిచేయలేదు. ఏదో ఒకటి అమ్మకానికి రావాలని ఎదురుచూసే వ్యాపార సంస్థలో నాలుగేళ్లు వట్టి చేతులతో గడపడం ఎంత కష్టమో ఊహించుకోండి. అప్పుడు పాత పదార్థాలను మరింత సున్నితంగా మళ్లీ పరీక్షించారు. తొలిరోజులలోనే తయారై పక్కన పడి ఉన్న ఒక పదార్థం ఆమ్లాన్ని తగ్గించకపోగా కొంత ఊరిస్తున్నట్లు కనిపించినందువల్ల దానిని వదిలేశారు. అది నిజానికి తాళంలో దూరి సగమే తిరిగే చెవి అని ఇప్పుడు తేలింది. సగం తిరుగుతున్నందువల్ల కొంత ఆమ్లం ఊరుతోంది. కాని అదే సమయంలో అసలు హిస్టమిన్‌ను అడ్డుకుంటోంది కూడా. ఆ సగం తిరుగుడును కూడా మాన్పితే చాలు!

అలా పుట్టినది బ్యూరిమమైడ్. 1972లో బ్లాక్ బృందం దానిని ప్రకటించి, రెండో తాళం ఉన్నదని రుజువు చేసింది. అది హెచ్-2 గ్రాహకం. అయితే బ్యూరిమమైడ్ నోటిద్వారా ఇస్తే చాలినంతగా పనిచేయలేదు. దానికంటె బలమైన మెటియమైడ్ వచ్చింది. అది పుండ్లు మాన్పింది, కాని కొద్దిమంది రోగులలో తెల్ల రక్తకణాలు తగ్గిపోయాయి. తప్పు ఆ అణువులోని గంధకపు భాగానిదని అనుమానించి, దానిని తీసి వేరొకటి అతికించారు. ఆ మూడోది సిమెటిడిన్. 1976లో అది ఇంగ్లాండులో మందుల దుకాణాలకు చేరింది.

అంతకుముందు కడుపులో పుండు పడినవారి గతి దుర్భరంగా ఉండేది. పుండు ముదిరి చిల్లు పడితే, నెత్తురు కారితే ప్రాణానికే ముప్పు. జీర్ణాశయంలో కొంత భాగం కోసివేయడమో, దానికి వెళ్లే నాడిని తెంచడమో శస్త్రచికిత్సలుగా ఉండేవి. ఒక మాత్రతో ఆ కత్తి అవసరం చాలావరకు తప్పింది. 1988లో గెర్‌ట్రూడ్ ఎలియన్, జార్జ్ హిచింగ్స్‌లతో కలిసి బ్లాక్‌కు నోబెల్ బహుమతి లభించింది.

కథ ఇక్కడితో ముగిసి ఉంటే బాగుండేది. కాని మాత్ర మానివేయగానే చాలామందికి పుండు మళ్లీ వచ్చేది. దీనికి కారణం కనుగొన్నవారు ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరానికి చెందిన రాబిన్ వారెన్, బారీ మార్షల్. పుండ్లున్న కడుపులలో వంకర తిరిగిన ఒక బాక్టీరియా ఉందని వారు చూశారు. అంతటి ఆమ్లంలో సూక్ష్మజీవి బతకదని అందరి నమ్మకం. 1984లో మార్షల్ ఆ బాక్టీరియా కలిపిన ద్రవాన్ని తానే తాగి, కొద్దిరోజులలో వాంతులతో, కడుపు వాపుతో బాధపడ్డారు. అదే హెలికోబాక్టర్ పైలోరి. (మార్షల్ వైద్యులు. ఇలాంటి సాహసాలు మీరు చేయరాదని వేరే చెప్పనక్కరలేదు.) 2005లో వారిద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది. ఈ బాక్టీరియాను తొలగించడానికి ఆమ్లం తగ్గించే మందుతోపాటు సూక్ష్మజీవి నాశకాలు కలిపి ఇస్తారు. వాటిలో టెట్రాసైక్లిన్ ఒకటి. ఆ వంశంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో అమెరికాలోని లెడర్లీ పరిశోధనాలయం నుంచి వెలువడింది. అప్పుడు ఆ పరిశోధనలకు అధిపతి మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు.

హిస్టమిన్ తాళాలు రెండుతో ఆగలేదు. 1983లో పారిస్ శాస్త్రజ్ఞులు మెదడులో మూడోది కనుగొన్నారు. మెదడులోని హెచ్-1 తాళాలే మనల్ని మెలకువగా ఉంచుతాయి, పాత జలుబు మాత్రలు వేసుకుంటే కునుకు వచ్చేది వాటిని మూసినందువల్లనే. హెచ్-3 పని వేరు. హిస్టమిన్ ఎంత విడుదల కావాలో అది అదుపు చేస్తుంది. 2000 ప్రాంతంలో నాలుగోది హెచ్-4 బయటపడింది. ఇది ముఖ్యంగా మన రక్షణ వ్యవస్థకు చెందిన కణాలపైన ఉంటుంది.

ఈ నాలుగు తాళాల జాబితా పూర్తయ్యాక, 1910 నాటి ఆ పాత సంగతి తిరిగి వచ్చింది. మన శరీరంలో ఉండే బాక్టీరియాల సంఖ్య సుమారు 38 లక్షల కోట్లని ఒక లెక్క. అంటే మన సొంత కణాల సంఖ్యకు దాదాపు సమానం. వాటిలో అత్యధిక భాగం పెద్దపేగులో నివసిస్తాయి. అన్నీ కలిపి తూచితే సుమారు 200 గ్రాములు. మనం జీర్ణం చేసుకోలేని పీచును అవి అరిగిస్తాయి, కొన్ని విటమిన్లు ఇస్తాయి. వాటిలో కొన్నింటికి హిస్టిడిన్‌ను హిస్టమిన్‌గా మార్చే శక్తి ఉంది. అంటే తాళంచెవులను తయారుచేసేది ఒక్క మన శరీరమే కాదు. మన ఇంటి తాళాలకు పట్టే చెవులను మన ఇంట్లో కాపురమున్నవారూ తయారుచేస్తున్నారు.

ఈ విషయాన్ని శ్రద్ధగా పరిశోధించినవారిలో ఐర్లండు శాస్త్రజ్ఞుడు లియమ్ ఓమహొనీ ఒకరు. ఆయన స్విట్జర్లండులోని దావోస్‌లో ఉన్న ఎలర్జీ, ఉబ్బసాల పరిశోధన సంస్థలో పనిచేసి, తరువాత ఐర్లండులోని కార్క్ విశ్వవిద్యాలయానికి వెళ్లారు. బాక్టీరియాలు ఎదురైనప్పుడు మన రక్షణ కణాలు వాపు పుట్టించే సంకేతాలు పంపుతాయి. అలాంటి కణంపైన ఉన్న హెచ్-2 తాళాన్ని హిస్టమిన్ తిప్పితే ఆ సంకేతాలు తగ్గిపోతాయని ఆయన బృందం చూపించింది. చర్మంలో హెచ్-1ను తిప్పి వాపు పుట్టించే చెవి, రక్షణ కణంపై హెచ్-2ను తిప్పి వాపును శాంతింపజేస్తోందన్నమాట. అమెరికాలోని హ్యూస్టన్‌లో 2012లో మరొక బృందానికీ ఇటువంటి ఫలితమే వచ్చింది. లాక్టోబాసిల్లస్ రియూటరై అనే మేలుచేసే బాక్టీరియా హిస్టమిన్‌ను తయారుచేసి, దాని సాయంతోనే హెచ్-2 ద్వారా వాపు సంకేతాన్ని అణచుతోందని అక్కడ తేలింది. ఈ కారణంగా హిస్టమిన్‌ను ఊరకే చెడ్డ పదార్థమని పిలవడం నాకు సబబుగా తోచదు.

అలాగని మంచిదనీ అనలేము. కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయంలో 2022లో వెలువడిన పరిశోధన చూడండి. కొందరికి ఏళ్ల తరబడి కడుపునొప్పి వస్తూ ఉంటుంది. విరేచనాలు కుదురుగా ఉండవు. పరీక్షలు చేస్తే పుండు ఉండదు, గడ్డ ఉండదు, ఏదీ కనిపించదు. అలాంటివారికి నొప్పి అంతా మనసులోనిదేనని చెప్పి పంపివేయడం లోకంలో తరచు జరుగుతుంది. చుట్టాలూ నమ్మరు, రోగి తననే అనుమానించుకుంటాడు. ఆ శాస్త్రజ్ఞులు అలాంటి కొందరు రోగుల పేగులలోని సూక్ష్మజీవులను తీసి, పుట్టుకనుంచి ఏ సూక్ష్మజీవీ లేకుండా పెంచిన చిట్టెలుకలకు ఇచ్చారు. ఎలుకల పేగులు మామూలుకంటె ఎక్కువగా నొప్పిని గుర్తించసాగాయి. కారణం వెదకగా, క్లెబ్సియెల్లా ఏరోజెనెస్ అనే బాక్టీరియా హిస్టమిన్‌ను మెండుగా తయారుచేస్తోందని కనిపించింది. ఆ హిస్టమిన్ హెచ్-4 తాళాన్ని తిప్పి, మాస్ట్ కణాలను పేగు గోడలోకి పిలుస్తోంది. హెచ్-4ను మూసే పదార్థం ఇవ్వగా ఎలుకలకు నొప్పి తగ్గింది. పేగులో పులిసే పిండిపదార్థాలను తగ్గించి మేత పెట్టినప్పుడు కూడా తగ్గింది. ఆ బాక్టీరియా అందరు రోగులలో లేదు, కొందరిలోనే ఉంది. కాని ఆ కొందరి నొప్పి ఊహ కాదని చెప్పడానికి ఇప్పుడు ఒక ఆధారం దొరికింది. హెచ్-4ను మూసే మందులు కొన్ని మనుషులపై పరీక్షల దాకా వచ్చినా, వైద్యులు రాసి ఇచ్చే మందుగా మాత్రం ఇంకా రాలేదు.

పేగులో పుట్టిన హిస్టమిన్ ప్రభావం పేగుతోనే ఆగుతుందా అన్నది మరొక ప్రశ్న. 2016లో ఓమహొనీ బృందం ఉబ్బసం ఉన్న పెద్దవారి మలాన్ని, ఉబ్బసం లేనివారి మలాన్ని పరీక్షించింది. హిస్టమిన్‌ను తయారుచేసే బాక్టీరియాలు ఉబ్బసం ఉన్నవారిలో ఎక్కువగా కనిపించాయి. వాటిలో మనం ఇంతకుముందు చేపలో చూసిన మోర్గనెల్లా కూడా ఉంది. అయితే ఆ బాక్టీరియాలు పెరిగినందువల్ల ఉబ్బసం వచ్చిందా, లేక ఉబ్బసం వల్లనో దానికి వాడే మందుల వల్లనో బాక్టీరియాలు పెరిగాయా అన్నది ఈ ఒక్క పరీక్షతో తేలదు. తేలాలంటే ఉబ్బసం ఇంకా రాని పసిపిల్లల పేగులలో ఏ బాక్టీరియాలు ఉన్నాయో ముందుగానే లెక్కించి, ఆ పిల్లలు పెరిగి పెద్దయ్యేదాకా ఏటేటా పరీక్షిస్తూ ఓపికతో వేచిచూడాలి.